ఆరో అర్థానికి చీటీ లేదు

ఫిబ్రవరి 3

శిష్యుడు వచ్చాడు. లిఫ్టు పనిచేయడం లేదు, నాలుగు అంతస్తులు మెట్లెక్కాడు. అంత ఆయాసపడి వచ్చాడంటే నాతో పని పడిందన్నమాట. ఒకప్పుడు నా బల్ల దగ్గర నిలబడి చీటీలు అక్షరక్రమంలో సర్దినవాడు. ఇప్పుడు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుకి ప్రధాన సంపాదకుడు. గదికి అద్దాల తలుపు, తలుపు మీద పేరు, పేరు కింద రెండు డిగ్రీలు. ఆ రెండో డిగ్రీ వ్యాసంలో సగం నేను దిద్దిందే.

"మాస్టారూ, రెండో కూర్పు అచ్చుకి సిద్ధమవుతోంది. ఒక్క మాట మీరు రాసిపెట్టాలి."

"ఒక్క మాటా? మొదటి కూర్పులో ఎస్ అక్షరం మొత్తం నేను రాశాను. నూట అరవై పేజీలు."

"అందుకే మాస్టారూ. ఇది మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు."

"ఏమిటది?"

"సారీ."

వంటగదిలో మా ఆవిడ నవ్విన చప్పుడు వినపడింది. గిన్నె జారిందని చెప్పింది తర్వాత. గిన్నెలు అలా జారవు.

శిష్యుడు ఎర కూడా తెచ్చాడు. ఈసారి నా పేరు ముందు పేజీలో వేస్తాడట, సంపాదకుల వరసలో. మొదటి కూర్పులో నా పేరు ఎక్కడుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. చిట్టచివరి పేజీలో, కృతజ్ఞతల్లో, కాగితం సప్లై చేసినవాడికీ బైండింగు చేసినవాడికీ నడుమ. ఇరవై రెండేళ్ళుగా ఆ పుస్తకాన్ని వెనక నుంచి తెరవడం నాకు అలవాటైంది.

ఆలోచిస్తానన్నాను.

ఫిబ్రవరి 4

ఆలోచించలేదు. ఒప్పుకోదలచుకోలేదు కాబట్టి ఆలోచన అనవసరం.

ఫిబ్రవరి 5

ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 11

పద్ధతి మారలేదు. మాటకి ఎన్ని అర్థాలుంటే అన్నిటికీ రెండేసి చీటీలు. ప్రతి చీటీ మీద మనుషులు నిజంగా అన్న వాక్యం, అన్నవారు, విన్నవారు, తేదీ. కుర్చీలో కూర్చుని కల్పించిన వాక్యం పనికిరాదు. ఈ నియమం పెట్టింది నేనే. "నిఘంటువు అంటే నాలుగు గోడల మధ్య పుట్టేది కాదు, నలుగురి నోట్లో పుట్టేది" అని అప్పట్లో ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు డెబ్బై ఆరో ఏట ఆ నలుగురి నోళ్ళ కోసం నేను బస్సుల్లో తిరుగుతున్నాను.

మొదటి అర్థం తేలిగ్గా దొరికింది. తప్పుకోమని చెప్పడానికి వాడేది. బస్సులో ఒక పెద్దమనిషి పెట్టె నా మోకాలి మీద పెట్టి "సారీ, కొంచెం జరగండి" అన్నాడు. పెట్టె తీయలేదు.

రెండోది, పని చేయనని చెప్పడానికి. పెన్షన్ కాగితం కోసం కౌంటర్ దగ్గర గంటన్నర నిలబడ్డాను. నా వంతు రాగానే ఆ అమ్మాయి నా వెనకున్న గోడని చూస్తూ "సారీ అండీ, సిస్టమ్ పనిచేయడం లేదు" అంది. ఆమె ముందున్న సిస్టమ్‌లో పేకాట నడుస్తోంది. చీటీలో అది కూడా రాశాను, సందర్భం తెలియాలి కదా.

ఫిబ్రవరి 17

మూడోది, ఎదుటివాడు చెప్పింది తలకెక్కలేదని చెప్పడానికి, ప్రశ్నలాగా. దీనికి రెండు చీటీలు కాదు, ఇరవై దొరికాయి. నేను మాట్లాడితే అందరూ అదే అంటారు.

నాలుగోది, ఎవరైనా పోయారని తెలిసినప్పుడు. కింది అంతస్తులో రిటైర్డ్ జడ్జి గారి అన్న పోయాడు. వచ్చినవాళ్ళందరూ ఇదే మాట అంటుంటే గుమ్మం పక్కన నిలబడి వినాల్సి వచ్చింది. ఒకాయన "సారీ సార్" అని, వెంటనే "ఆ ఫ్లాట్ ఇప్పుడు అద్దెకిస్తారా?" అని అడిగాడు. చీటీ రాసుకుంటుంటే జడ్జి గారు చూశారు. నాలుగు మంచి మాటలు రాసుకుంటున్నాననుకుని చెయ్యి పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు తీర్పులు చెప్పినాయన, మనిషిని చూసి ఏమీ పోల్చుకోలేడు.

ఫిబ్రవరి 20

ఐదో అర్థం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. తిట్టబోయే ముందు వాడేది. "సారీ, ఉన్న మాట అంటున్నాను" అని మొదలుపెడితే ఆ తర్వాత ఏదైనా అనవచ్చు. దీనికి చీటీలు మా ఇంట్లోనే దొరికాయి.

మా ఆవిడ: "సారీ అండీ, చెప్తే మీకు కోపం వస్తుంది గానీ, మీకు మనుషులక్కర్లేదు, చీటీలు చాలు."

అన్నవారు: భార్య. విన్నవారు: భర్త. రాసి చూపించాను.

"ఇది అచ్చేస్తారా?" అంది.

"వేస్తారు."

"నిక్షేపంగా వేసుకోండి. మీ పెళ్ళాం ఎలాంటిదో తెలియకపోయినా మీరెలాంటివారో నలుగురికీ తెలుస్తుంది."

మార్చి 1

ఆరో అర్థం. తప్పు చేసినవాడు, తప్పు చేశానని తెలిసి, ఎవరికి చేశాడో వాళ్ళకే చెప్పడం.

పదిహేను రోజులుగా వెతుకుతున్నాను. లేదు. బస్సుల్లో లేదు, కౌంటర్ల దగ్గర లేదు, ఆసుపత్రి వరండాలో మూడు గంటలు కూర్చున్నా లేదు. లోకమంతా పొద్దున లేచింది మొదలు ఈ మాట అంటూనే ఉంది, ఒక్కడూ ఇందుకు అనడం లేదు. ఉప్పు కొట్లో అన్నీ ఉన్నాయి, ఉప్పు తప్ప.

భోజనం దగ్గర మా ఆవిడతో అన్నాను.

"మీరెప్పుడైనా అన్నారా ఏమిటి?" అంది.

"నేను వినేవాణ్ణి. అనే పని వేరేవాళ్ళది."

"అదీ నిజమే" అని ఇంకో గరిటె వడ్డించింది. వద్దన్నా వడ్డించింది.

మార్చి 4

నాకు ఆ మాట చెప్పవలసినవాడు ఒకడున్నాడు. తమ్ముడు.

అమ్మ చివరి రోజుల్లో వాడింట్లో ఉంది. నేను ఆఫీసులో ఎస్ అక్షరం చివరి ప్రూఫులు చూస్తున్నాను. అమ్మ పోయిందని సాయంత్రం తెలిసింది నాకు. పరాయివాడికి తెలిసినట్టు, అందరికీ తెలిశాక తెలిసింది. ఊళ్ళో ఉన్న పెద్దకొడుక్కి ఒక్క కబురు పంపలేదు. అదే మాట మర్నాడు చుట్టాలందరి ముందూ అడిగాను. "ఫోన్ చేశానన్నయ్యా, మూడుసార్లు చేశాను" అన్నాడు. "అబద్ధాలకోరా" అన్నాను. వాడు నోరెత్తలేదు. నోరెత్తలేదంటే ఏమిటి అర్థం? చుట్టాలకి కూడా అర్థమైంది. ఇరవై రెండేళ్ళుగా ఏ పెళ్ళికెళ్ళినా అదే చెప్పాను.

నాకు కబురు చేయలేదు.

మార్చి 7

శిష్యుడు ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఒక్క ఆరో అర్థమే తక్కువ. నెలాఖరుకి రాకపోతే పాత కూర్పులో ఉన్నదే వేసేస్తాం. అప్పుడు ముందు పేజీ విషయం బోర్డుకి నేనేమీ చెప్పలేను."

బెదిరింపు కూడా నేను నేర్పిన వ్యాకరణంతోనే చేస్తున్నాడు.

మార్చి 8

చీటీ రాశాను.

"అన్నయ్యా, సారీ. తప్పు నాదే."

అన్నవారు: తమ్ముడు, కళ్ళజోళ్ళ షాపు యజమాని. విన్నవారు: అన్న, నిఘంటుకారుడు. తేదీ ఇరవై రెండేళ్ళ కిందటిది వేసి, విన్నవాడిగా సంతకం పెట్టాను.

ఇది కల్పన కాదు. వాడు అనాల్సినదే. అననందువల్ల అది వాడి నోట్లో ఇంతకాలం ఉండిపోయింది, నేను బయటికి తీశాను. ఒకటే చీటీ ఉందని, మరొకటి దొరకడం లేదని రాసి పంపాను. అరుదైన అర్థాలకి ఒక్కటి చాలు అన్న మినహాయింపు ఉంది. అదీ నేను పెట్టిందే.

మార్చి 9

వాక్యం బాగా కుదిరింది. క్లుప్తంగా ఉంది. వాడైతే ఇంత బాగా అనేవాడు కాదు.

మార్చి 19

చీటీల ఆవిడ వచ్చింది. ఆఫీసులో చీటీలన్నీ సరిచూసేది ఈవిడే. యాభై ఎనిమిదేళ్ళు, వచ్చే ఏడు రిటైరవుతుంది. ప్రతి పది చీటీల్లో ఒకటి తీసి, ఆ వాక్యం అన్న మనిషి దగ్గరికి వెళ్ళి "ఇది మీరన్నదేనా?" అని అడిగి సంతకం తెచ్చుకోవడం ఆవిడ పని. పదిలో ఒకటే కదా అనుకున్నాను. ఆవిడ చేతిలో నా చీటీ ఉంది.

కుర్చీ చూపించాను.

"సంతకం పెట్టారు సార్" అంది.

చీటీ తీసుకుని చూశాను. "అవును, నేనన్నదే" అని రాసి, కింద సంతకం. వాడి చేతిరాత. అక్షరాలు ఇంకా ఎడమకే వాలుతున్నాయి.

"చూశారా!" అన్నాను. "చూశారా అమ్మా! ఒప్పుకున్నాడు! కాగితం మీద ఒప్పుకున్నాడు!"

మా ఆవిడ టీ తెచ్చి అక్కడే నిలబడిపోయింది. చీటీల ఆవిడ టీ ముట్టుకోలేదు.

"సార్, నేను ఆఫీసులో చేరినప్పుడు ఏ సీటో గుర్తుందా?"

"ఫోన్లు కలిపే సీటు."

"ఆ రోజు మీ తమ్ముడిగారి ఫోన్ మూడుసార్లు కలిపాను. పదిన్నరకి, పన్నెండుకి, రెండుంబావుకి. మూడోసారి ఆయన ఏడుస్తున్నారు. హాల్లో అటెండరు ఎత్తాడు. మీరు పక్క బల్ల దగ్గరే ఉన్నారు. ఏమన్నారో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"'లేనని చెప్పు' అన్నారు. గట్టిగానే అన్నారు సార్. నాకు వినపడింది. ఆయనకీ వినపడింది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరడిగారు సార్? నా పని కలపడమే." లేచి నిలబడింది. "నిబంధన ప్రకారం చీటీ చెల్లుతుంది. అన్నాయన సంతకం ఉంది, విన్నాయన సంతకం ఉంది. దాఖలు చేయమంటే చేస్తాను. మీరే చెప్పండి."

చీటీ బల్ల మీద పెట్టి వెళ్ళింది. మా ఆవిడ టీ కప్పు వెనక్కి తీసుకెళ్ళింది. ఏమీ అనలేదు. ఐదో అర్థంలో కూడా ఏమీ అనలేదు.

మార్చి 20

చీటీల ఆవిడకి మతి తప్పింది. రిటైరయ్యే వయసు.

మార్చి 21

మొదటి ఫోన్ సంగతి నాకు తెలియదు. ఆ టైముకి నేను ప్రెస్‌లో ఉన్నాను.

మార్చి 22

ప్రెస్‌లో లేను. మొదటిదీ రెండోదీ తెలుసు. మూడోది తెలియదు.

మార్చి 23

మూడూ తెలుసు.

మార్చి 24

అమ్మ ఆ నెలలో అప్పటికే రెండుసార్లు పోబోయి ఆగింది. రెండుసార్లూ ప్రూఫులు వదిలి పరుగెత్తాను. రెండోసారి వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని, ఇంత ఆలస్యమైందేమిరా అని నన్ను తిట్టింది. మూడోసారి కూడా అంతే అనుకున్నాను. ఇది ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఎవరైనా అర్థం చేసుకునేవాళ్ళే. నేను చెప్పుకోలేదు. చెప్పుకోవాలంటే ముందు ఫోన్ వచ్చిందని ఒప్పుకోవాలి. ఆ మర్నాడు చుట్టాలందరూ నా వైపు చూస్తుంటే, తమ్ముణ్ణి అబద్ధాలకోరనడం ఒక్క క్షణం పని. ఒప్పుకోవడం అంతకన్నా పెద్ద పనిలా కనిపించింది.

మార్చి 25

మా ఆవిడకి చెప్పాను, తమ్ముడి షాపుకి వెళ్తున్నానని.

"దారి తెలుసా?" అంది.

"కనుక్కుంటాను."

"బస్సు దిగి ఎడమ చేతికి. పక్కన పూల కుండీలమ్మే షాపు. ఒంటిగంట తర్వాత వెళ్ళకండి, భోజనానికి వెళ్తాడు."

"నీకెలా తెలుసు?"

"మేమిద్దరం తోడికోడళ్ళం. ఆదివారం ఆదివారం మాట్లాడుకుంటాం."

"ఎప్పట్నించి?"

"మీరు మానేసినప్పట్నించి. ఇంటికి ఒకరైనా మాట్లాడుకోవాలి కదా."

ఇరవై రెండేళ్ళు. వెయ్యి ఆదివారాలు దాటాయి. నేను ఇదే ఇంట్లో, పక్క గదిలో, మనుషులు ఏం మాట్లాడుకుంటారా అని వెతుకుతూ కూర్చున్నాను.

షాపులో ఎవరూ లేరు. వాడు తలెత్తాడు. జుట్టంతా పోయింది. నాన్న తలకాయ వచ్చేసింది వాడికి.

"రండి. కూర్చోండి. దూరపు చూపా, దగ్గరి చూపా?"

వాడు నన్ను మీరు అనడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"ఒరేయ్, నేను చూపు కోసం రాలేదు."

"ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ అందుకే వస్తారండీ. దగ్గరి చూపే అయ్యుంటుంది. పుస్తకాలు చదివేవాళ్ళకి ముందు పోయేది అదే. అయినా దూరంతో మొదలుపెడదాం."

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టాడు. ఎడమ కంటికి నల్ల మూత వేశాడు. ఎదురుగా గోడ మీద అక్షరాల అట్ట.

"చదవండి."

పై వరస చదివాను. రెండో వరస చదివాను.

"ఎందుకు సంతకం పెట్టావు?"

"మూడో వరస చదవండి."

"నువ్వు అనలేదుగా ఆ మాట."

"అనలేదు." నా వెనక నిలబడి అద్దాలేవో ఏరుతున్నాడు, టకటకమని చప్పుడు. "ఇరవై రెండేళ్ళుగా నేను అబద్ధాలకోరునని చుట్టాలందరికీ చాటి చెప్పారు. ఒక్కటైనా ఆడకపోతే మీ మాట పోదూ?"

నేను మూడో వరస చదివాను. రెండు అక్షరాలు తప్పు చదివానని వాడు ఊపిరి పీల్చిన తీరులోనే తెలిసింది.

"వదిన మా ఆవిడకి చెప్పిందట, ఆరో అర్థం ఒక్కటి దొరికితే ముందు పేజీలో మీ పేరు పడుతుందని. చీటీ చూడగానే ఇదే అనుకున్నాను. పడనీ, నాదేం పోయింది? నా పేరు ఎలాగూ పోయిందే." ఫ్రేములో ఒక అద్దం దించాడు. "నాలుగో వరస."

నాలుగో వరస చీమలబారు. దానికేసి చూస్తూనే ఉన్నాను. ఒక కన్ను మూసి, ఒక కన్ను మసకగా, తల కదపడానికి వీల్లేని ఇనప ఫ్రేములో, డెబ్బై ఆరేళ్ళ నిఘంటుకారుణ్ణి.

"ఫోన్ వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాన్రా" అన్నాను. "మూడుసార్లూ ఉన్నాను. వచ్చిందని తెలిసే నిన్ను అంత మాటన్నాను. తప్పు నాది."

వెనక టకటక ఆగిపోయింది. వాడి మొహం నాకు కనపడదు. తల తిప్పుదామంటే ఫ్రేము జారుతుందని భయం. ఫ్రేము వంక పెట్టుకున్నాను గానీ, భయం ఫ్రేము గురించి కాదు.

"అక్కడ అలా రాసి లేదు" అన్నాడు.

"తెలుసు."

"మళ్ళీ చదువు."

'మీరు' పోయింది. నేను గమనించాను, వృత్తి అలాంటిది.

"నేనన్నది వినపడిందా నీకు?"

"వినపడిందిలే. చెవులు అప్పుడూ బాగానే ఉన్నాయి. అద్దం మార్చాను, చదువు."

చదివాను. వాడి అద్దం మంచిది, నాలుగో వరస చీమలు అక్షరాలయ్యాయి.

ఇంతలో ఒకావిడ విరిగిన కళ్ళజోడు పట్టుకుని గోలగోలగా వచ్చింది, సాయంత్రం ఏదో ఇంటర్వ్యూ ఉందట. వాడు నా ముక్కు మీంచి ఫ్రేము తీసేశాడు. నేను లేచాను. వాడు ఉండమనలేదు, పొమ్మనలేదు. ఆవిడ కళ్ళజోడు స్క్రూ బిగిస్తూ, తలెత్తకుండా, "మనిషివి సగమయ్యావు, వదిన తిండి పెట్టడం లేదా?" అన్నాడు.

"పెడుతుంది. వద్దన్నా పెడుతుంది."

"మరి తిను."

మార్చి 26

అలవాటు చొప్పున నిన్న బస్సులోనే చీటీ రాశాను. వాక్యం రాశాను. అన్నవారు: అన్న. విన్నవారు: తమ్ముడు. తేదీ వేశాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఈ మధ్యకాలంలో నేను రాసిన చీటీల్లో కల్పనా, కోపమూ లేనిది ఇదొక్కటే. ఇంటికొచ్చి శుభ్రంగా ఎత్తి రాయబోతే అప్పుడు కనిపించింది. అందులో నిఘంటువు అడిగిన మాటే లేదు. ఏడు వారాలు ఊరంతా గాలించి, చివరికి ఆరో అర్థం నా నోట్లోనే దొరికితే, అది ఆ ఇంగ్లీషు మాటతో రాలేదు. అలాంటి చీటీని నేనే సంపాదకుణ్ణయితే విసిరి కొట్టేవాణ్ణి.

బల్ల మీద ఒకపక్క చెల్లే చీటీ, ఒకపక్క చెల్లని చీటీ.

మార్చి 27

శిష్యుడికి ఫోన్ చేశాను. ఐదర్థాలతోనే వేసుకోమన్నాను.

"అదేమిటి మాస్టారూ! చీటీ ఉందిగా. ఆయన సంతకం కూడా ఉందిగా. చీటీల ఆవిడ చెప్పింది."

"ఆ చీటీ అబద్ధం."

అవతల అద్దాల తలుపు మూసిన చప్పుడు. "ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?"

"తమ్ముడికి తెలుసు. మరదలికి తెలుసు. మా ఆవిడకి తెలుసు. మీ చీటీల ఆవిడకి తెలుసు."

"వాళ్ళెవరూ బయటపెట్టరు. ఇంక బాధ మీకొక్కరికే."

"నాకు తెలిసి ఇరవై రెండేళ్ళయిందయ్యా. నాకేమీ కాలేదు. హాయిగా తిన్నాను, పడుకున్నాను. వాళ్ళకి తెలిసి నేను ముందు పేజీలో కూర్చోవడం మాత్రం కుదరదు."

"ఆరో అర్థం లేకపోతే చదివేవాళ్ళు అడగరా మాస్టారూ?"

"ఎవరూ అడగరు. ఏడు వారాలు బస్సుల్లో తిరిగి చూశాను."

ముందు పేజీ గురించి వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పేజీలు రేపు ప్రెస్‌కి వెళ్తాయి. ఎవరెవరి పేర్లున్నాయో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగాను. పదకొండు పేర్లు చదివాడు, నాది లేదు. అందులో నలుగురికి సమాసం విడదీయడం రాదు. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను, ఇంకెక్కడా రాయను.

తమ్ముడి చీటీ చించేశాను. వాడి సంతకమున్న సగం చించబుద్ధి కాలేదు, పుస్తకంలో పెట్టాను.

మార్చి 28

పొద్దున్నే ఫోన్ మోగింది. నాకే. "కుడి కన్నే అయింది" అన్నాడు. "ఒక కన్ను చూసి జోడు ఇవ్వడం మా షాపులో లేదు. ఒంటిగంట లోపల రా. ఎడమది నీకు మొదట్నించీ మొండిది, దానికి ఒక్క రోజు చాలదు."

చొక్కా మార్చుకుంటున్నాను.